లెక్క పూర్తయింది, చెయ్యి కుదిరిందా?

వైద్యుడికి ఎంత తెలుసో రాత పరీక్ష చెబుతుంది. ఆ తెలిసినది చేతిలోకి దిగిందో లేదో ఎవరు తేల్చాలి, ఎలా తేల్చాలి అని అడుగుతూ ఈ మధ్య వరసగా ఉత్తరాలు వచ్చాయి. స్కాన్ చేయడం, సూది దించడం, గొట్టం వేయడం వంటి పనుల మదింపు గురించిన ఆరు ఉత్తరాలకు ఇక్కడ జవాబిస్తున్నాను. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: అత్యవసర వైద్య విభాగంలో పీజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. శిక్షణలో చేయవలసిన అల్ట్రాసౌండ్ స్కాన్ల సంఖ్య, చేసిన పనులు రాసుకునే నా లాగ్‌బుక్‌లో ఎప్పుడో పూర్తయింది. అయినా రాత్రి డ్యూటీలో పక్కన సీనియర్ లేకపోతే ఒంటికి ఆనించే ప్రోబ్ పట్టుకోవడానికి చెయ్యి వెనకాడుతోంది. లోపం నాలో ఉందా, ఆ లెక్కలో ఉందా?

జవాబు: ఎక్కువగా లెక్కలోనే ఉంది. సంఖ్యను బొత్తిగా కొట్టిపారేయలేం గానీ, ఈ పని నేర్చుకోవడానికి మీకు ఇన్ని అవకాశాలు దొరికాయన్న సంగతి తప్ప అది మరేమీ చెప్పదు. ఆ అవకాశాల్లో మీ చేతికి ఏం అబ్బిందో దానికి తెలియదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఎమర్జెన్సీ ఫిజీషియన్స్ మార్గదర్శకాలు ఒక్కో రకం స్కాన్‌ను 25 నుంచి 50 సార్లు చేసి ఉండాలని చెబుతాయి. అయితే ఆ స్కాన్ల నాణ్యతను మరొకరు పరిశీలించి ఉండాలన్న షరతు కూడా అందులోనే ఉంది. చాలాచోట్ల అంకె మిగిలి షరతు జారిపోయింది. ఒకరికి ఇరవై స్కాన్లలో పట్టుబడిన విద్య మరొకరికి అరవై చేసినా పట్టుబడకపోవచ్చు. ఇద్దరి పుస్తకాలూ పక్కపక్కన పెడితే రెండోవారే మెరుగని తేలుతుంది.

నా శిక్షణ రోజుల్లో లాగ్‌బుక్ సంతకాలు ఎలా జరిగాయో చెబితే మీకు నవ్వు రావచ్చు. సంవత్సరం చివర ఒక సాయంత్రం పుస్తకం పట్టుకుని సీనియర్ గదికి వెళ్ళాను. ఆయన ఫోన్లో మాట్లాడుతూనే పేజీలు తిప్పుతూ, వరసగా సంతకాలు పెట్టుకుంటూ పోయారు. సిరా ఆరకముందే పేజీ తిరగడంతో ప్రతి సంతకానికీ ఎదుటి పేజీలో నీలిమరక పడింది. నేను రెండుసార్లు గుచ్చి, కుదరక, సూదిని మరొకరి చేతికి అప్పగించిన లంబార్ పంక్చర్ (వెన్నులోంచి నీరు తీయడం) కూడా ఆ పుస్తకంలో ‘స్వయంగా చేసినవి’ అన్న గడిలోనే ఉంది. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. దాన్ని నమ్మితే నేను అప్పటికే నిపుణుణ్ణి.

మీ చెయ్యి వెనకాడుతోందన్నారు. దాన్ని అసమర్థతకు రుజువుగా తీసుకోకండి. వైద్యులు తమ సామర్థ్యం మీద తాము వేసుకునే అంచనాకూ, బయటివారు కొలిచిన సామర్థ్యానికీ ఎంతవరకు పొంతన ఉందో పరిశీలించిన సమీక్ష ఒకటి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో 2006లో వచ్చింది. అందులో పోల్చి చూసిన 20 సందర్భాల్లో 13 చోట్ల పొంతన చాలా తక్కువగానో, అసలు లేకుండానో, తలకిందులుగానో తేలింది. కాబట్టి మీ పక్క గదిలో ధైర్యంగా ప్రోబ్ ఆడిస్తున్న సహాధ్యాయి ధైర్యాన్ని కూడా కొలబద్దగా పెట్టుకోనక్కరలేదు.

మీ అంతట మీరు చేసుకోగలిగిన పని ఒకటుంది. స్కాన్లను లెక్కపెట్టడం మాని, వాటి ఫలితాలను వరసగా ఒక గీతగా గీసుకోండి. కుసమ్ అనే ఈ పద్ధతిని 1954లో ఇ.ఎస్. పేజ్ అనే గణాంకవేత్త, కర్మాగారంలో సరుకు నాణ్యత దారి తప్పిన వెంటనే పట్టుకోవడానికి ప్రతిపాదించాడు. మీరు తేల్చిన విషయం సీటీ స్కాన్‌తోనో, తరవాత సీనియర్ చేసిన స్కాన్‌తోనో సరిపోతే గీత ఒక చిన్న మెట్టు దిగుతుంది. సరిపోకపోతే పెద్ద మెట్టు ఎక్కుతుంది. ఏ మెట్టు ఎంత ఉండాలో, ఆ పనిలో ఎంత శాతం వైఫల్యాన్ని ఒప్పుకోవచ్చో చూసుకుని ముందే నిర్ణయిస్తారు. దిగుతూ దిగుతూ గీత కింది హద్దును దాటితే, మీ తప్పుల శాతం ఒప్పుకోదగ్గ మేరకు తగ్గిందని చెప్పడానికి ఆధారం దొరికినట్టు. పై హద్దును దాటితే ఆగి, ఎవరినైనా పక్కన నిలబెట్టుకోవాలి. నెల తిరిగేసరికి మీ భయం దేని గురించో ఆ గీతలోనే కొంత తెలుస్తుంది. చాలామంది విషయంలో అది అన్ని స్కాన్ల మీదా ఉన్న భయం కాదు, ఏదో ఒక రకం స్కాన్ మీద ఉన్నది.

ప్రశ్న: బోధనాసుపత్రిలో పనిచేస్తున్నాను. విద్యార్థులు చేసే ప్రతి స్కాన్ దగ్గరా నిలబడే తీరిక మాకు ఉండదు. వాళ్ళు యంత్రంలో భద్రపరిచిన బొమ్మలను తరవాత కూర్చుని చూసి మార్కులు వేస్తున్నాం. ఇందులో తప్పేముంది?

జవాబు: తప్పు లేదు, కొరత ఉంది. ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు, గుండె, ఎముకలు అన్నీ ఒకేసారి పడతాయి కనక, తీసినవారు గమనించనిది చదివేవారు గమనించే అవకాశం ఉంటుంది. అల్ట్రాసౌండ్‌లో ఆ వెసులుబాటు లేదు. ప్రోబ్ ఏ కోణంలో ఆనించారో ఆ ఒక్క పలచని పొరే తెర మీద కనిపిస్తుంది. ఆ పొరను ఎంచుకునేది చెయ్యి, ఎక్కడ ఆపాలో నిర్ణయించేది కన్ను. కనక భద్రపరిచిన బొమ్మల్లో ఉండేది విద్యార్థి చూసినది మాత్రమే. అతడు చూడకుండా దాటిపోయిన చోటు ఆ బొమ్మల్లో ఉండదు, లేని బొమ్మకు మార్కులు తగ్గించడం ఏ ఎగ్జామినర్ వల్లా కాదు.

ప్రమాదంలో గాయపడినవారి కడుపులో రక్తం చేరిందేమో చూసే ఫాస్ట్ స్కాన్ మీకు తెలిసిందే. కాలేయానికీ కుడి మూత్రపిండానికీ నడుమ, ప్లీహానికీ ఎడమ మూత్రపిండానికీ నడుమ, కటి భాగంలో మూత్రాశయం వెనక, గుండె చుట్టూ అని నాలుగు చోట్ల చూడాలి. ఒకసారి నేను ఎగ్జామినర్‌గా ఉన్న పరీక్షలో ఒక అబ్బాయి కుడి పక్కటెముకల మీద ప్రోబ్ ఆనించాడు. రెండు మూడు సెకన్లలోనే కాలేయం, మూత్రపిండం, వాటి మధ్య తెల్లని గీత అచ్చుగుద్దినట్టు తెర మీదికి వచ్చాయి. బొమ్మను ఆపాడు, పేరు టైపు చేశాడు, భద్రపరిచాడు, ఎడమ పక్కకు వెళ్ళిపోయాడు. ప్రోబ్‌ను కిందికి జరిపి కాలేయం దిగువ కొన దగ్గర చూడనే లేదు. వెల్లకిలా పడుకున్న మనిషికి కొద్దిపాటి రక్తస్రావం జరిగితే ఆ కొన దగ్గరే ముందుగా కనిపించడం తరచుగా జరుగుతుంది. ఆ రోజు పడుకున్నది ఆరోగ్యవంతుడైన వాలంటీరు కాబట్టి నష్టమేమీ లేదు. ఆ బొమ్మ ఒక్కటే నా బల్ల మీదికి వచ్చి ఉంటే మాత్రం పూర్తి మార్కులు వేసేవాణ్ణి. పక్కన నిలబడ్డాను కనకనే ఆ చెయ్యి ఎంత తొందరగా లేచిందో చూశాను.

డెన్మార్క్ పరిశోధకుల చొరవతో వివిధ దేశాల, వివిధ శాఖల నిపుణులు విడతలవారీగా అభిప్రాయాలు చెప్పి, ఏకాభిప్రాయానికి వచ్చిన కొలమానం ఒకటి 2013లో వెలువడింది. దాని పేరు ఆబ్జెక్టివ్ స్ట్రక్చర్డ్ అసెస్‌మెంట్ ఆఫ్ అల్ట్రాసౌండ్ స్కిల్స్. ఈ రోగికి స్కాన్ ఎందుకు చేస్తున్నారో తెలుసా, యంత్రం మీద పట్టు ఉందా, బొమ్మను మెరుగుపరచుకోగలరా, వరస తప్పకుండా అంతటా చూస్తారా, చూసినదాన్ని సరిగా చదువుతారా, సరిగా నమోదు చేస్తారా, దాన్నిబట్టి చికిత్సను నిర్ణయించగలరా అన్న ఏడు అంశాలు అందులో ఉన్నాయి. ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కు వేస్తారు. మీ గదిలోకి వచ్చే బొమ్మల నుంచి వీటిలో మూడింటిని, అంటే బొమ్మ నాణ్యతను, చదవడాన్ని, నమోదును, బాగానే తేల్చవచ్చు. వరస తప్పకపోవడం, యంత్రం మీద పట్టు మాత్రం మంచం పక్కన నిలబడితేనే కనిపిస్తాయి.

యంత్రం మీద పట్టును ప్రశ్నలడిగి కూడా తేల్చలేం. బొమ్మ వెలుగును పెంచి తగ్గించే గెయిన్ అంటే ఏమిటో చెప్పమంటే అందరూ గడగడా చెబుతారు. తెర మసకబారినప్పుడు ఎడమ చెయ్యి ఏ మీట మీదికి వెళుతుందో చూడండి. కొందరు గెయిన్ పెంచుకుంటూనే పోతారు. చివరికి నల్లగా కనిపించవలసిన రక్తం కూడా బూడిద రంగుకు తిరిగి, పక్కనున్న కణజాలంలో కలిసిపోతుంది. పట్టు చిక్కినవారు ముందు ఇంకొంచెం జెల్ వేస్తారు, తెర మీద ఎంత లోతు కనిపించాలో (డెప్త్) సరిచేస్తారు, ఊపిరి పీల్చి కాసేపు బిగబట్టమని రోగిని అడుగుతారు, గెయిన్ జోలికి ఆ తరవాతే వెళతారు. చర్మానికి రెండు సెంటీమీటర్ల లోతులో ఉన్న సిరను చూడటానికి, పొట్ట స్కాన్‌కు వాడే తక్కువ ఫ్రీక్వెన్సీ ప్రోబ్‌ను అందుకునే విద్యార్థిని ఆపి అడిగి చూడండి. ఫ్రీక్వెన్సీ పెరిగితే బొమ్మ స్పష్టత పెరుగుతుందనీ, లోతు తగ్గుతుందనీ తప్పు లేకుండా చెబుతాడు. చెబుతూ ఉండగా కూడా ఆ ప్రోబ్ చేతిలోనే ఉంటుంది.

బొమ్మను బట్టి చేసే మదింపు చక్కగా పనిచేసే చోటు కూడా లేకపోలేదు. గర్భస్థ శిశువు మెడ వెనక చర్మం కింద ఉండే ద్రవం మందాన్ని కొలిచే నూకల్ ట్రాన్స్‌లూసెన్సీ స్కాన్‌కు లండన్‌లోని ఫీటల్ మెడిసిన్ ఫౌండేషన్ ధ్రువపత్రం ఇస్తుంది. దానికి బొమ్మలే పంపాలి. శిశువు పొడవు 45 నుంచి 84 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, తల మరీ ముందుకు వంగకూడదు, వెనక్కి వాలకూడదు, సరిగ్గా నడిమధ్య తలమే కనిపించాలి, తలా ఛాతీ తెరంతా నిండాలి, కొలిచే గుర్తులు గీతల మీదే పడాలి. ధ్రువపత్రం వచ్చాక కూడా కొలతలను క్రమం తప్పకుండా తనిఖీకి పంపుతూ ఉండాలి. అక్కడ ఇది కుదరడానికి కారణం ఉంది. కావలసిన బొమ్మ ఒక్కటే, అది ఎలా ఉండాలో ముందే రాసిపెట్టి ఉంది. ఫాస్ట్ స్కాన్‌లో చేసే పని వెతుకులాట. వెతికే చేతిని చూడకుండా వెతుకులాటకు మార్కులు వేయలేం.

తీరిక లేదన్న మాటలో నిజముంది. ప్రతి స్కాన్ దగ్గరా నిలబడమని నేను చెప్పడం లేదు. ఆపిన బొమ్మకు బదులు, అవయవాన్ని ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఊడ్చినట్టు ప్రోబ్ కదిపిన వీడియోను భద్రపరచమనండి. సగం కొరత దానితోనే తీరుతుంది. మిగతా సగానికి వారంలో ఒక్కో విద్యార్థికి ఒక్క స్కాన్ చొప్పున పక్కన నిలబడండి. ఏ రోజు, ఏ రోగి దగ్గరికి వస్తారో ముందుగా చెప్పకండి. చూస్తున్నంతసేపూ ఏమీ మాట్లాడకుండా ఉండటమే ఇందులో అన్నిటికన్నా కష్టం. ‘ఇంకొంచెం కిందికి’ అన్న మాట నా నోటి చివర దాకా వచ్చి ఎన్నిసార్లు ఆగిందో నాకే తెలుసు.

ప్రశ్న: మనిషికి బదులు వాడే సిమ్యులేటర్ బొమ్మ మీద పరీక్ష పాసైతే మనిషి మీద చేయగలిగినట్టేనా?

జవాబు: మనిషి మీద, ఇంకొకరి సమక్షంలో, మొదలుపెట్టడానికి అర్హత వచ్చినట్టు. వైద్యవిద్యలో మదింపు గురించి జార్జ్ మిల్లర్ 1990లో నాలుగు అంతస్తుల పిరమిడ్ ఒకటి చూపించాడు. తెలియడం, ఎలా చేయాలో తెలియడం, చేసి చూపగలగడం, రోజువారీ పనిలో చేస్తూ ఉండటం అన్నవి దాని అంతస్తులు. సిమ్యులేటర్ మిమ్మల్ని మూడో అంతస్తు దాకా తీసుకువెళుతుంది. అలాగని దాన్ని తీసిపారేయకండి. షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ వైద్యులు, శిక్షణలో ఉన్న రెసిడెంట్లను పెద్ద సిరలోకి గొట్టం (సెంట్రల్ లైన్) వేసే పనిలో నిర్ణీత ప్రమాణం అందుకునేదాకా బొమ్మ మీద సాధన చేయించి, ఆ తరవాతే రోగి దగ్గరికి పంపారు. ఆ ఐసీయూలో గొట్టం వల్ల రక్తంలో చేరే ఇన్ఫెక్షన్లు 1000 కాథెటర్ దినాలకు (ఒక రోగిలో గొట్టం ఒక రోజు ఉంటే ఒక దినం) 3.20 నుంచి 0.50కి తగ్గినట్టు 2009లో ప్రకటించారు. ఇక్కడ గమనించవలసినది ‘అందుకునేదాకా’ అన్న మాట. రెండు గంటల వర్క్‌షాపు పెట్టి, హాజరైన అందరికీ సర్టిఫికెట్లు పంచితే ఆ ఫలితం రాదు.

ప్రశ్న: మత్తువైద్య విభాగంలో ఎగ్జామినర్‌ని. చెక్‌లిస్టు పెడితే యాంత్రికంగా ఉంటోంది. పెట్టకపోతే నేనూ నా సహచరుడూ ఒకే విద్యార్థికి వేసే మార్కుల మధ్య పొంతన ఉండటం లేదు. ఏది మేలు?

జవాబు: చెక్‌లిస్టులో ఉన్న చిక్కును ముందు చూద్దాం. మెడలోని జుగులార్ సిరలోకి సెంట్రల్ లైన్ వేయడానికి మీ చెక్‌లిస్టులో 20 అంశాలున్నాయనుకోండి. ఒక విద్యార్థి చేతులు కడుక్కున్నాడు, గౌను వేసుకున్నాడు, క్రిమిరహిత దుప్పట్లు సరిగా పరిచాడు, ప్రోబ్‌తో నొక్కి సిర అణుగుతోందనీ, పక్కనున్న కరోటిడ్ ధమని అణగడం లేదనీ చూసుకున్నాడు, అన్నీ చేశాడు. గొట్టం లోపలికి తోసేటప్పుడు మాత్రం గొట్టానికి దారి చూపే తీగ (గైడ్‌వైర్) చివరను చేత్తో పట్టుకోవడం మరిచాడు. తీగ సిరలోకి జారిపోయింది. అతడికి 19 మార్కులు, అంటే 95 శాతం. దుప్పటి పరచడం మరిచి, తీగను గట్టిగా పట్టుకున్న విద్యార్థికి కూడా అదే 95 శాతం. అందుకని ఏ చెక్‌లిస్టులోనైనా, ఒక్కటి జరిగినా పరీక్ష అక్కడే ఆగిపోయే తప్పులను విడిగా రాసుకోవాలి. తీగను వదిలేయడం అలాంటిది. తెర మీద సూది కొన కనిపించకుండానే సూదిని ముందుకు తోయడం కూడా అలాంటిదే. ఇందులో ఇంకో మెలిక ఉంది. ప్రోబ్ సిరకు అడ్డంగా ఉన్నప్పుడు తెర మీద కనిపించే తెల్లని చుక్క సూది కొన కావచ్చు, కొన దాటి లోపలికి వెళ్ళిపోయాక కనిపిస్తున్న సూది నడిమి భాగమూ కావచ్చు. ఎగ్జామినర్ తెరను మాత్రమే చూస్తూ ఉంటే ఆ తేడా పట్టుకోలేడు. చుక్క కనిపించాక ఆ విద్యార్థి ప్రోబ్‌ను కొంచెం ముందుకు జరిపి, చుక్క మాయమవుతుందో లేదో చూసుకున్నాడా అన్నది గమనించాలి.

చెక్‌లిస్టు కొత్తవారికి సరిపోయినంతగా పండినవారికి సరిపోదు. అనుభవజ్ఞులు అనవసరమైన మెట్లు దాటవేసి నేరుగా విషయానికి వస్తారు కనక వారికి మార్కులు తగ్గే ప్రమాదం ఉంది. అనుభవం పెరిగేకొద్దీ పెరిగే నేర్పును చెక్‌లిస్టు పట్టుకోలేకపోతోందని కెనడా పరిశోధకులు 1999లోనే చూపించారు. టొరంటోలో శస్త్రచికిత్స నైపుణ్యాల కోసం రూపొందించి 1997లో ప్రచురించిన ఓసాట్స్ పద్ధతిలో చెక్‌లిస్టుతో పాటు ఇంకో మార్కుల పట్టిక ఉంటుంది. కణజాలాన్ని ఎంత మృదువుగా పట్టుకున్నాడు, చేతి కదలికల్లో వృథా ఎంత, పని ముందుకు సాగే తీరు ఎలా ఉంది వంటివాటికి నిపుణుడు తన మొత్తం అభిప్రాయాన్ని మార్కుగా వేస్తాడు. నా ఓటు దీనికే. శిక్షణ తొలి నెలల్లో చెక్‌లిస్టు ముందుండాలి, పోనుపోను మొత్తం అభిప్రాయం బరువు పెరగాలి, ప్రాణాంతకమైన తప్పుల జాబితా మాత్రం ఎప్పుడూ విడిగా ఉండాలి.

మీ ఇద్దరి మార్కులూ కలవకపోవడం గురించి అంతగా బాధపడకండి. చెయ్యి బిగించే ఎగ్జామినరూ, చెయ్యి జారే ఎగ్జామినరూ అన్ని చోట్లా ఉంటారు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి: మీ ఇద్దరూ ఒకే రోగి దగ్గర, ఒకే ప్రొసీజర్‌ను చూసి తీర్పు చెబుతున్నారు. సన్నని మెడ ఉన్న రోగికి అందంగా లైన్ వేసిన చెయ్యి, లావుపాటి మెడ ఉండి, తిన్నగా పడుకోలేని రోగి దగ్గర తడబడవచ్చు. ఒక సందర్భంలో కనబరచిన నేర్పు మరో సందర్భానికి పూచీ కాదన్నది మదింపు రంగంలో పదేపదే తేలిన సంగతి. 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ బృందం వైద్య విద్యార్థులను గది నుంచి గదికి తిప్పుతూ, ప్రతి చోటా కొత్త పని, కొత్త ఎగ్జామినర్ ఉండేలా ఓఎస్‌సీఈ పరీక్షను ఏర్పాటు చేసింది ఇందుకే. ఒకే రోగి పక్కన మీ ఇద్దరూ నిలబడేకన్నా, ఇద్దరూ విడివిడిగా వేరువేరు రోగుల దగ్గర నిలబడితే అదే సమయంలో ఆ విద్యార్థి గురించి ఎక్కువ తెలుస్తుంది.

పాసు మార్కు సగమే ఎందుకు అని కూడా ఉత్తరం చివర అడిగారు. అలవాటు తప్ప దానికి వేరే ఆధారం లేదు. అదే పరీక్షను కొందరు కొత్తవారితోనూ, కొందరు నిపుణులతోనూ చేయించి, రెండు గుంపుల మార్కుల వంపులు ఒకదాన్నొకటి కోసుకునే చోటును పాసు గీతగా పెట్టుకోవచ్చు. అది సగానికి చాలా పైన వచ్చినా ఆశ్చర్యపోకండి.

ప్రశ్న: నాకు సూదితో బయాప్సీ చేయాలన్నారు. చేయబోయేది శిక్షణలో ఉన్న డాక్టరు అయితే ముందే అడిగి తెలుసుకోవచ్చా? అడిగితే ఏమైనా అనుకుంటారేమోనని భయంగా ఉంది.

జవాబు: నిస్సంకోచంగా అడగండి. ‘ఇప్పటిదాకా ఎన్ని చేశారు’ అన్న ప్రశ్నకు వచ్చే అంకె మీకు ధైర్యమో భయమో ఇస్తుందే తప్ప, సమాచారం పెద్దగా ఇవ్వదు. దానికన్నా ‘మీతో పాటు గదిలో ఎవరుంటారు, అవసరమైతే సూదిని అందుకునేది ఎవరు’ అని అడగండి. డచ్ వైద్యవిద్యా నిపుణుడు ఓలే టెన్ కేట్ 2005లో ప్రతిపాదించిన పద్ధతిలో శిక్షణ పొందే వైద్యుణ్ణి మార్కులతో కాకుండా, ఎంతవరకు వదిలిపెట్టవచ్చు అన్న ప్రశ్నతో కొలుస్తారు. మొదట చూడటం వరకే. తరవాత సీనియర్ గదిలో ఉండగా చేయడం, ఆ తరవాత సీనియర్ పిలిస్తే అందేంత దూరంలో ఉండగా చేయడం, ఆపైన సొంతంగా చేయడం, చివరగా ఇతరులు చేస్తుంటే పర్యవేక్షించడం. మీకు చేసేవారు ఏ మెట్టు మీద ఉన్నారో, ఆ మెట్టుకు తగిన సీనియర్ అందుబాటులో ఉన్నారో లేదో తెలిస్తే చాలు. సక్రమంగా శిక్షణ ఇస్తున్న చోట ఈ ప్రశ్నకు ఎవరూ నొచ్చుకోరు, జవాబు కోసం తడుముకోరు కూడా.

ప్రశ్న: పాతికేళ్ళుగా కొలనోస్కోపీ (గొట్టపు కెమెరాతో పెద్దపేగును చూసే పరీక్ష) చేస్తున్నాను. ఇప్పుడు మా ఆసుపత్రిలో సీనియర్ల పనిని కూడా మదింపు చేస్తామంటున్నారు. ఎంతోమందికి నేర్పిన నన్ను పరీక్షించడం అవమానం కాదా?

జవాబు: మీ నొప్పి నాకు అర్థమైంది. మీ వయసు వాణ్ణే నేనూ. అయితే ఈ విషయంలో మీ శాఖలో గట్టి ఆధారాలు పోగయ్యాయి. క్యాన్సర్‌గా మారే అవకాశమున్న ఎడినోమా అనే గడ్డలను ఒక వైద్యుడు తాను చేసిన పరీక్షల్లో ఎంత శాతం మందిలో కనిపెట్టాడో లెక్కించి, ఆ రోగులకు తరవాత ఏమైందో చూసిన అమెరికా అధ్యయనం 2014లో వచ్చింది. 136 మంది నిపుణులు చేసిన 3,14,872 పరీక్షలను అందులో పరిశీలించారు. ఆ శాతం ఒకరి దగ్గర 7.4 ఉంటే మరొకరి దగ్గర 52.5 ఉంది. అది ఒక్క శాతం పెరిగినకొద్దీ, ఆ వైద్యుడు చూసిన రోగులకు తరవాత పెద్దపేగు క్యాన్సర్ వచ్చే ముప్పు 3 శాతం చొప్పున తగ్గుతూ వచ్చింది. ఆ 136 మందిలో కొత్తవారెవరూ లేరు, అందరూ అర్హత పొందిన నిపుణులే. 7.4 శాతం దగ్గర ఉన్నవారికి తాము అక్కడ ఉన్నామని ఎవరైనా లెక్క తీసి చూపేదాకా తెలిసే దారి లేదు, ఎందుకంటే కంటికి తగలని గడ్డ ఆ రోజు ఎవరికీ నొప్పి పుట్టించదు.

శస్త్రవైద్యుల సంగతీ అలాగే ఉంది. అమెరికాలోని మిషిగన్‌లో బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే 20 మంది సర్జన్లు తాము చేసిన ఆపరేషన్ వీడియోను ఒక్కొక్కటి ఇచ్చారు. పేరు తెలియకుండా తోటి సర్జన్లు వాటికి మార్కులు వేశారు. అడుగున ఉన్న పావు వంతు సర్జన్ల రోగుల్లో 14.5 శాతం మందికి, పైనున్న పావు వంతు వారి రోగుల్లో 5.2 శాతం మందికి చిక్కులు వచ్చినట్టు 2013లో ప్రకటించారు. తమ వీడియోను తామే ఎంచుకునే వీలు ఉండి కూడా అంత తేడా బయటపడింది.

ఇక అవమానం మాట. మొదటి జవాబులో చెప్పిన కుసమ్ గీతను శస్త్రచికిత్సలోకి తెచ్చినవారిలో లండన్‌కు చెందిన శిశు హృదయ శస్త్రవైద్యుడు మార్క్ డి లెవల్ ఒకరు. గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద ధమనులు పుట్టుకతోనే తారుమారైన శిశువులకు వాటిని మార్చి కుట్టే ఆపరేషన్ ఆయన చేసేవారు. మొదట్లో ఫలితాలు చాలా బాగున్నాయి. తరవాత వరసగా కొన్ని మరణాలు సంభవించాయి. దురదృష్టం అనుకుని ఊరుకోవచ్చు, కేసులు క్లిష్టమైనవి అనుకోవచ్చు. ఆయన అలా అనుకోలేదు. తన కన్నా తక్కువ ముప్పుతో ఆ పని చేస్తున్న చోట మళ్ళీ శిక్షణ పొందారు. ఫలితాలు మెరుగయ్యాయి. తన 104 కేసుల వరసనూ గీతగా గీసి, 1994లో అదంతా తన పేరుతో ప్రచురించారు. అప్పటికే ఆయన ఆ రంగంలో అగ్రగణ్యుడు.

కాబట్టి కమిటీ పిలిచేదాకా ఆగకుండా మీ చివరి రెండు మూడు వందల పరీక్షల ఎడినోమా శాతాన్ని మీరే లెక్క తీయించుకోండి. ఆ కాగితం చేతిలో పెట్టుకుని వెళ్ళి రెండు విషయాలు అడగండి. వీడియోలకు మార్కులు వేసేవారికి ఎవరి వీడియోనో తెలియకూడదు. ఎవరికైనా మార్కులు తక్కువ వస్తే ఇచ్చేది శిక్షణా, శిక్షా అన్నది మదింపు మొదలవడానికి ముందే రాతపూర్వకంగా చెప్పాలి. రెండోది రాసివ్వడానికి వాళ్ళు నిరాకరిస్తే మీ అభ్యంతరంలో న్యాయం ఉన్నట్టే. అప్పుడు నాకు మళ్ళీ రాయండి.